సెల్ ఫోన్: నంబరు మనది కావాలి, అప్పు సంఘంలో కావాలి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో మా పొదుపు సంఘం తరఫున చేసిన ప్రసంగం)



మాకిచ్చిన విషయం సెల్ ఫోన్ వల్ల లాభాలు, నష్టాలు. బడిలో వ్యాసం రాసినట్టు లాభాలు పది, నష్టాలు పది చెప్పి దిగిపోవచ్చు. కానీ మా సంఘంలో అందరం కూర్చుని మాట్లాడుకున్నప్పుడు అంత సులభంగా తేలలేదు. ఒక అక్కకు లాభమైందే ఇంకో అక్కకు నష్టంగా కనబడింది. రెండు గంటలు మాట్లాడుకున్నాక రెండు సంగతులు మిగిలినాయి. వాటి గురించే ఎక్కువ చెబుతాం.

ముందు మంచి చెప్పుకోవాలి. మన పక్క కువైట్‌కు పోయిన మనిషి లేని వీధి లేదు. ఇదివరకు అక్కడి నుంచి ఫోన్ వస్తుందంటే ఎస్టీడీ బూత్ దగ్గరో, ఫోన్ ఉన్న అంగడి దగ్గరో పొద్దు గుంకేదాకా కాచుకుని కూర్చునేవాళ్ళం. మాట్లాడితే అంగట్లో అందరూ వింటారు. అక్కడ కష్టంగా ఉన్నా "బాగుండాను" అనే చెప్పేవాళ్ళు, ఇక్కడ ఏడుపు వస్తున్నా మనమూ బాగుండామనే చెప్పేవాళ్ళం. ఇప్పుడు ముఖం చూసి మాట్లాడుకుంటున్నాం. మా సంఘంలో ఒక అక్కకు అక్షరం రాదు. బిడ్డ కువైట్‌లో ఇంటి పనిలో ఉంది. మనవరాలు నేర్పిస్తే వాయిస్ మెసేజ్ పెట్టడం నేర్చుకుంది. రాత్రి పని అయ్యాక బిడ్డ దాన్ని విని జవాబు పెడుతుంది. ఈ ఒక్క లాభం ముందు మిగతా నష్టాలన్నీ చిన్నవే అని ఆ అక్క వాదన. మేం కాదనలేకపోయినాం.

టమోటా పెట్టేవాళ్ళకు వేరే లాభం. 2023 జూలైలో టమోటా ధర ఆకాశానికి పోయింది, అందరికీ గుర్తుంటుంది. ఆ నెలలో మదనపల్లె మార్కెట్లో పొద్దున ధర ఎంత పలికిందో ఫోన్లో చూసుకోకుండా ఎవరూ బాక్సులు ఎత్తలేదు. తోట దగ్గరికి వచ్చి నోటికొచ్చిన ధర చెప్పే మనిషి ఆ సీజన్లో కొంచెం తగ్గి మాట్లాడినాడు. పాల బిల్లు పడింది, సంఘం కంతు కట్ అయింది అని మెసేజ్ వస్తోంది. 2025 జనవరి నుంచి ప్రభుత్వం "మన మిత్ర" అని వాట్సాప్‌లోనే సర్టిఫికెట్లు, బిల్లులు చూసుకునే ఏర్పాటు చేసింది. ఆఫీసు చుట్టూ తిరిగే కూలి దినాలు కొన్ని మిగిలినాయి.

ఉపాధి పనిలో మాత్రం ఫోన్ వచ్చి మనకు సుఖం కంటే చికాకే ఎక్కువ తెచ్చింది. 2023 నుంచి మేట్ పూటకొకసారి ఫోటో తీసి పంపాలి. పని త్వరగా అయిపోయినా రెండో ఫోటో కోసం ఎండలో కూర్చోవాలి. సిగ్నల్ లేని గుట్ట దగ్గర మేట్ అమ్మాయి ఫోన్ పైకెత్తుకుని తిరుగుతుంటే నవ్వొస్తుంది, కూలి తలుచుకుంటే నవ్వు పోతుంది.

ఇప్పుడు మొదటి సంగతికి వస్తాం. ఫోన్ ఉందా అంటే మా సంఘంలో పది మందీ చేతులెత్తినారు. నీ బ్యాంకు పాస్‌బుక్కుకు ఏ నంబరు ఇచ్చినావు అని అడిగితే గమ్మున అయిపోయినారు. పుస్తకాలు తెప్పించి చూసినాం. నలుగురికి భర్త నంబరు. ఒకరికి బెంగుళూరులో ఉన్న కొడుకు నంబరు. ఒకరిదైతే ఎప్పుడో పోయిన సిమ్ము. అంటే పది మందిలో ఆరుగురికి వాళ్ళ డబ్బు కబురు వాళ్ళకు రావడం లేదు. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశంలో వంద మంది ఆడవాళ్ళలో 54 మందికే తాము వాడుకునే ఫోన్ ఉందని లెక్క వచ్చింది. ఇంట్లో ఫోన్ ఉండటం వేరు, మనం వాడుకునే ఫోన్ ఉండటం వేరు. మన పేరుతో నంబరు ఉండటం ఇంకా వేరు.

నంబరు ఎవరిదైతే ఏముంది, మొగుడిదేగా, కొడుకుదేగా అని ఒక అక్క అడిగింది. మంచి ప్రశ్నే. మొగుడి మీద, కొడుకు మీద మనం నమ్మకం లేక చెప్పడం లేదు. సంఘం అప్పు ఖాతాలో పడితే మెసేజ్ పోయేది ఆ నంబరుకే. వాళ్ళకు ముందు తెలుస్తుంది, మనకు తర్వాత తెలుస్తుంది. గేదె కొందామని మనం అనుకునేలోగా ఆ డబ్బుకు ఇంట్లో వేరే దారి వేసేసి ఉంటారు. కంతు కట్టాల్సింది మాత్రం మనమే. ఫోన్‌పే, గూగుల్‌పే లాంటివి మొదలుపెట్టాలన్నా బ్యాంకులో ఉన్న నంబరు మన ఫోన్లో ఉండాలి, లేకుంటే అది ముందుకు పోదు. వేలిముద్ర వేసి డబ్బు తీసేచోట కూడా అంతే. "మిషన్ పట్టలేదమ్మా, మళ్ళీ వేలు పెట్టు" అంటారు. నిజంగానే పట్టకపోవచ్చు, పట్టి డబ్బు పోయి ఉండొచ్చు. మెసేజ్ మన చేతిలోని ఫోన్‌కు వస్తే చూసుకుని రెండోసారి వేలు పెడతాం. బెంగుళూరుకు పోతే ఏం చూస్తాం?

పోయిన సిమ్ము సంగతి ఇంకా ప్రమాదం. దీని గురించి చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం ఓపికగా వినండి. రీచార్జి మనం నెలకొకసారి అనుకుంటాం. చాలా ప్యాకులు 28 రోజులకే అయిపోతాయి. 28 రోజుల లెక్కన ఏడాదికి పన్నెండు సార్లు కాదు, పదమూడు సార్లు వేయించాలి. ఇంట్లో మూడు ఫోన్లుంటే ముప్పై తొమ్మిది సార్లు. అందుకే డబ్బు ఇబ్బంది ఉన్నప్పుడు ముందు ఆగిపోయేది ఆడవాళ్ళ ఫోనే. "నీకెందుకు, ఇంట్లోనే ఉంటావుగా" అంటారు. మూడు నెలలు వాడకుండా వదిలేస్తే కంపెనీ ఆ నంబరు తీసేస్తుంది, కొన్నాళ్ళకు ఇంకొకరికి అమ్ముతుంది. మన బ్యాంకులో, ఆధార్‌లో ఆ నంబరు అట్లాగే ఉంటుంది. మన ఓటీపీ ముక్కూ ముఖం తెలియని మనిషికి పోతుంది. కాబట్టి రీచార్జి డబ్బును పౌడరు, పూలు ఖర్చులో రాయొద్దు. అది మన ఖాతాకు తాళం ఖర్చు.

రెండో సంగతి చెప్పడం కష్టం. అయినా చెప్పాలి. మా గ్రామైక్య సంఘంలో ఒక సభ్యురాలికి జరిగింది. ఆయమ్మ ఒప్పుకున్నాకే చెబుతున్నాం. పేరు చెప్పం.

ఆయమ్మకు సొంత ఫోన్ ఉంది, సొంత నంబరు ఉంది, బ్యాంకులోనూ అదే ఉంది. అన్నీ సరిగ్గా ఉన్న మనిషే. బిడ్డకు హాస్టలు ఫీజు కట్టాల్సి వచ్చింది. ఫోన్లో ఒక యాప్ అయిదు వేలు వెంటనే ఇస్తామంది. కాగితం లేదు, సంతకం లేదు, ఎందుకమ్మా అని అడిగేవాళ్ళు లేరు. చేతికి వచ్చింది 3,200. వారం రోజుల్లో కట్టమన్నది 5,000. అదే 3,200 మన సంఘంలో నూటికి రూపాయి వడ్డీకి తీసుకుంటే నెలకు 32 రూపాయలు. కట్టలేకపోతే ఇంకో యాప్ వాళ్ళే చూపించినారు, దీని అప్పు దాంతో తీర్చమని. అట్లా నెలలోపల నాలుగు యాప్‌లు. తర్వాత ఆయమ్మ ఫోటో తీసుకుని, వేరే ఒంటికి అతికించి, ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ పంపినారు. ఫోన్లో ఉన్న నంబర్లంటే ఎవరివి? మనవే. సంఘంలో పది మందివి, యానిమేటర్‌ది, వియ్యపురాలిది, బిడ్డ టీచరుది.

ఆయమ్మ రెండు మీటింగులకు రాలేదు. జరిమానా రాయమని ఒకరన్నారు. మేం ముగ్గురం ఇంటికి పోయినాం. తలుపు తీయలేదు. పక్కింటి పెద్దమ్మ పిలిస్తే తీసింది. రెండు రోజులుగా అన్నం తినలేదు. ఆ పూట ఇంట్లో ఒంటరిగా ఉండనివ్వకూడదని మాకు అర్థమైంది, పెద్దమ్మ అక్కడే పడుకుంది. తెల్లారి అందరం కలిసి స్టేషన్‌కు పోయి ఫిర్యాదు రాసిచ్చినాం. మెసేజ్‌లు తుడిచేయకుండా వాటిని ఫోటో తీసి పెట్టుకోవడం మంచిదైంది, అక్కడ మొదట అడిగింది అవే. ఇక సంఘం వాళ్ళందరికీ, బంధువులకూ మేమే ఫోన్ చేసినాం. "అట్లాంటి ఫోటో వస్తే అది అబద్ధం, తుడిచేయండి, ఎవరికీ చూపించొద్దు" అని చెప్పినాం. ఒకరిద్దరు నవ్వినారు కూడా. ఆ నవ్వినవాళ్ళ ఫోన్లో కూడా బిడ్డల ఫోటోలు ఉన్నాయని గుర్తుచేసినాం. అంతటితో నవ్వు ఆగింది. ఆ తర్వాత మీటింగుకు ఆయమ్మ వచ్చింది. ఇప్పుడు పుస్తకాలు రాసేది ఆయమ్మే.

సంఘంలో అప్పు ఎందుకు అడగలేదమ్మా అంటే, "అందరి ముందు లేచి నిలబడి ఫీజు కట్టలేకపోయినానని చెప్పాలి గదా అక్కా. ఫోన్ ఏమీ అడగలేదు" అనింది. ఈ మాట మేం చాలాసార్లు తలుచుకున్నాం. ఏమీ అడగకపోవడమే ఫోన్ అప్పులో తీపి. సంఘంలో పది ప్రశ్నలు వేస్తారు, విసుగొస్తుంది. కానీ ఆ పది మందే రేపు తీర్చలేకపోతే పక్కన నిలబడతారు.

మన పెద్దవాళ్ళకు 2010 గుర్తుంటుంది. మైక్రోఫైనాన్స్ వసూళ్ళు భరించలేక ఎన్నో కుటుంబాలు నాశనమైతే, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. అప్పట్లో వసూలుకు వచ్చిన మనిషి అరుగు మీద కూర్చునేవాడు. కనీసం ముఖం తెలుసు, ఊరు తెలుసు, నలుగురు కలిసి అడగొచ్చు. ఇప్పుడు వాడు ఏ ఊర్లో ఉన్నాడో తెలియదు. మన ఫోన్లోనే కూర్చున్నాడు. 2022లో రిజర్వు బ్యాంకు దీనికి నిబంధనలు పెట్టింది. అప్పిచ్చే యాప్ మన ఫోన్లోని నంబర్లు, ఫోటోలు తీసుకోకూడదు. డబ్బు బ్యాంకు నుంచో, రిజర్వు బ్యాంకు దగ్గర రిజిస్టరైన కంపెనీ నుంచో నేరుగా మన ఖాతాకు రావాలి. మొత్తం ఎంత వడ్డీ పడుతుందో ముందే చూపాలి. నంబర్లు, ఫోటోలు చూడనివ్వమని అడిగిన అప్పు యాప్‌ను అక్కడికక్కడే తీసేయండి.

మోసం ఫోన్ల గురించి ట్రైనింగులో చెప్పినారు, మళ్ళీ ఎక్కువ చెప్పం. డబ్బు తీసుకోవడానికి పిన్ కొట్టాల్సిన పని లేదు, పిన్ కొట్టినామంటే డబ్బు మన దగ్గర నుంచి పోతుందనే అర్థం. వాట్సాప్ గ్రూపులో పథకం పేరు పెట్టి, చివర ఏపీకే అని ఉండే ఫైలు వస్తే, మన అన్నే పంపినా తెరవొద్దు, ఆ అన్న ఫోన్ ముందే వాళ్ళ చేతికి పోయి ఉండొచ్చు. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలో 1930కి ఫోన్ చేయాలి. ఇంట్లో తిడతారని రెండు రోజులు దాచిపెడితే ఆ డబ్బు చేతులు మారిపోతుంది.

పిల్లలు ఫోన్ వదలడం లేదని అందరి బాధా ఒకటే. మా దగ్గర మందు లేదు. అన్నం తినిపించేటప్పుడు ఫోన్ చేతికిచ్చేది మనమే కదా అని ఒక చెల్లెలు అంటే ఎవరూ మాట్లాడలేదు. ఆడపిల్ల ఫోన్ పట్టుకుంటే అనుమానం, మొగపిల్లోడు రాత్రంతా పట్టుకున్నా చదువుతున్నాడనడం మాత్రం మాకు నచ్చలేదు. ఇది మినిట్స్ బుక్కులో కూడా రాసినాం. మీటింగులో ఫోన్ మోగితే పది రూపాయల జరిమానా అని కూడా పెట్టుకున్నాం. మొదట కట్టింది సీసీ మేడమ్ గారే.

ఇక మా సంఘం ఈ సభ ముందు రెండు తీర్మానాలు పెడుతోంది. ఒకటి, వచ్చే మూడు నెలల్లో ప్రతి గ్రామైక్య సంఘం తన సభ్యుల పాస్‌బుక్కులు చూసి, ఎవరి ఖాతాకు ఎవరి నంబరు ఉందో రాయాలి. తమ నంబరు లేనివాళ్ళను గుంపుగా బ్యాంకుకు తీసుకుపోవాలి. పాస్‌బుక్కు, ఆధార్ జిరాక్సు ఉంటే బ్యాంకులో ఫారం ఇస్తారు. ఆధార్‌లో నంబరు మార్చాలంటే ఆధార్ కేంద్రానికి పోయి వేలిముద్ర వేసి మార్చుకోవచ్చు.

రెండోది, అత్యవసర అప్పు. అందరి ముందు చెప్పుకోలేని అవసరం ఉంటే లీడరుకు విడిగా చెప్పుకునే వీలు ఉండాలి. పొదుపు డబ్బులో ఇంత అని దానికి పక్కన పెట్టాలి. మా సంఘంలో అయిదు వేలు పెట్టుకున్నాం. ఎందుకని పుస్తకంలో రాయం, ఎంత, ఎప్పుడు కట్టాలి అన్నది మాత్రమే రాస్తాం. ఇట్లా చేస్తే లెక్క చెడుతుందని కొందరు లీడర్లకు అభ్యంతరం ఉందని తెలుసు. ఇప్పటిదాకా ముగ్గురు తీసుకున్నారు. ఇద్దరు కట్టేసినారు, మూడో ఆమెకు ఇంకా గడువుంది. అభ్యంతరం ఉన్నవాళ్ళు మధ్యాహ్నం భోజనాల తర్వాత చర్చలో లేచి అడగండి. పుస్తకం తెచ్చినాం, చూపిస్తాం.