తప్పు చేసినవాడు, నష్టపోయినవాడు ఎదురెదురుగా కూర్చుంటే

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

షోలాపూరు, సేలం, యానాం, ఇంకా దూరం నుంచి వచ్చిన మనవాళ్ళందర్నీ ఒకచోట చూడ్డం సంతోషం. మాది ఎనిమిదో తరగతి చదువు. చట్టం చదివిన వాళ్ళం కాము. సొసైటీ అరుగు మీద కూర్చుని ఇన్నేళ్ళు తగువులు విన్నాం, అంతే. విన్నదీ, చూసిందీ చెప్తాం.

మనలో ఒకరు ఇంకొకరికి నష్టం చేస్తే ఏమవుతోంది? స్టేషనుకి వెళ్తారు. కేసు అవుతుంది. వాయిదా మీద వాయిదా. తప్పు చేసినవాడికి శిక్ష పడొచ్చు, పడకపోవచ్చు. నష్టపోయినవాడు మాత్రం సాక్షి కింద నిలబడి, రెండు మాటలు చెప్పి, బస్సు ఛార్జీ పెట్టుకుని ఇంటికొస్తాడు. ఆ కేసులో వాడికి దక్కింది ఏమిటి అని అడిగేవాళ్ళు ఉండరు.

కులపంచాయతీ ఉండేది కదా అంటారు. ఉండేది. అందులో మంచీ ఉంది. కానీ నిజం చెప్పుకోవాలి. తప్పు డబ్బు వేసేవారు, అది గుడికో, కులం పెట్టెకో పోయేది. దెబ్బ తిన్నవాడి చేతికి వచ్చేది కాదు. ఆడకూతురు ఫిర్యాదు చేస్తే "సర్దుకుపో అమ్మా" అనేవారు. మాట వినని ఇంటిని వెలివేసేవారు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అన్నట్టు రాజీ చేసి లేచిపోయేవారు. దానికి మళ్ళీ ప్రాణం పొయ్యమని మేము చెప్పడం లేదు.

మేము చెప్పేది వేరు. ఒక న్యాయ అవగాహన శిబిరంలో వకీలు గారు చెప్తే విన్నాం. కెనడా దేశంలో ఎల్మైరా అని ఒక చిన్న ఊరు. 1974లో ఇద్దరు కుర్రాళ్ళు ఒక రాత్రి తాగి 22 చోట్ల పాడు చేసేరు. కార్ల టైర్లు కోసేరు, కిటికీ అద్దాలు పగలగొట్టేరు. కోర్టులో తప్పు ఒప్పుకున్నారు. మార్క్ యాంట్జీ అనే ప్రొబేషన్ ఆఫీసరు, వీళ్ళు నష్టపోయిన వాళ్ళ ఇంటికే వెళ్ళి కలిస్తే బాగుంటుందని జడ్జీ గారికి రాసేరు. జడ్జీ ఒప్పుకున్నారు. కుర్రాళ్ళు గుమ్మం గుమ్మం ఎక్కి, "ఇది చేసింది మేమే" అని చెప్పి, ఎంత నష్టమో అడిగి రాసుకున్నారు. కొన్ని నెలల్లోనే డబ్బు తిరిగి కట్టేరు. వాళ్ళలో ఒకాయన చాలా ఏళ్ళ తరవాత తనే ఇలాంటి మధ్యవర్తి పనిలోకి వచ్చేరట. ఈ పద్ధతి అక్కణ్ణుంచి చాలా దేశాలకి పాకింది. 1989లో న్యూజిలాండు వారు పిల్లల కేసుల్లో కుటుంబాలన్నీ కలిసి కూర్చునే పద్ధతిని చట్టంలోనే పెట్టేరు. దీన్ని పునరుద్ధరణ న్యాయం అంటున్నారు. మన మాటలో చెప్పాలంటే, చెడినదాన్ని బాగుచేసే న్యాయం.

మా దగ్గర జరిగింది ఒకటి చెప్తాం, పేర్లు వద్దు. అడ్వాన్సు దగ్గర మాటా మాటా పెరిగి, ఒక కుర్రాడు రాత్రిపూట ఒక పెద్దాయన మగ్గం మీది పట్టు పడుగుని కత్తితో అడ్డంగా కోసేసేడు. పడుగు కోస్తే ఏమిటో బయటివాళ్ళకి తెలీదు, మీకు చెప్పక్కర్లేదు. కేసు అయింది. కుర్రాడు తప్పు ఒప్పుకున్నాడు. పెద్దాయన మా దగ్గరకొచ్చి, "డబ్బు సంగతి తరవాత. వాడు నా ఎదురుగా కూర్చుని ఎందుకు చేసేడో చెప్పాలి" అన్నారు. మేము ముందు ఇద్దరితో విడివిడిగా మాట్లాడేం. తరవాత కూర్చోబెట్టేం.

పెద్దాయన తిట్టలేదు. ఆ పడుగు కోసం ఎంత అప్పు చేసేరో, కోసిన రోజు ఇంట్లో ఆవిడ అన్నం ముట్టకుండా ఎలా ఏడ్చిందో చెప్పేరు. కుర్రాడు తల దించుకుని, "మావయ్యా, మీ మీద కోపమే కనబడింది గానీ అత్తయ్య కనబడలేదు" అన్నాడు. పోగుకి పోగు అతకడానికి రోజుల తరబడి అక్కడే కూర్చున్నాడు. ముడులు పడ్డ చీర రెండో రకం కింద పోయింది. ఆ తేడా కూలిలోంచి వారం వారం కట్టేడు. మొత్తం కట్టేక లోక్ అదాలత్‌లో కేసు ముగిసింది. ఇద్దరూ అన్నదమ్ముల్లా అయిపోయేరని మేము అనం. కానీ ఒకే వీధిలో ఒకరికొకరు దారి ఇచ్చుకుంటున్నారు. ఆవిడ తలుపు తీసుకుని కూర్చుంటోంది.

ఇందులో మాకు తెలిసొచ్చిన పద్ధతులు ఇవి. మొదటిది, తప్పు ఒప్పుకోనివాణ్ణి కూర్చోబెట్టకూడదు. అలా కూర్చోబెడితే అది మళ్ళీ వాదనే. రెండోది, నష్టపోయిన మనిషి ఇష్టం ఉంటేనే. "వద్దు" అంటే అక్కడితో ఆఖరు, ఎందుకని అడక్కూడదు. క్షమించమని ఎవరూ బలవంతం చెయ్యకూడదు. మూడోది, వచ్చే ప్రతి పైసా నష్టపోయినవాడికే. నాలుగోది, కూర్చునే పెద్దల్లో ఆడవాళ్ళు ఉండాలి, రెండు పక్షాల చుట్టాలు ఉండకూడదు. అయిదోది, ఒప్పందం కాగితం మీద రాసి, కట్టేదాకా కనిపెట్టాలి. ఇల్లు అలకగానే పండగ కాదు.

చట్టం హద్దు దాటకూడదు. కొట్టుకోవడం, సొత్తు పాడు చెయ్యడం లాంటి కొన్ని నేరాలకే రాజీకి చోటుంది. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 359వ సెక్షన్ ఏవేవో చెప్తుంది. కొన్నిటికి కోర్టు అనుమతి కావాలి. అత్యాచారం, హత్య లాంటివి రాజీకి రావు. 2012లో గ్యాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేటగా చెప్పింది. పిల్లల మీద లైంగిక నేరం తెలిస్తే పోలీసుకి చెప్పి తీరాలి. అది మనింటి పరువు సంగతి అని మూసిపెట్టడమే నేరం. మొగుడు కొడుతున్నాడని వచ్చిన అమ్మాయిని వాడి ఎదురుగా కూర్చోబెట్టి సర్దుకోమనడం కూడా ఈ పని కాదు. వెలివెయ్యడం అసలు వద్దు. మహారాష్ట్రలో సాంఘిక బహిష్కరణ మీద 2016లో ప్రత్యేక చట్టమే తెచ్చేరు, షోలాపూరు వారికి తెలుసు.

ఖర్చు గురించి భయం వద్దు. 1987 న్యాయ సేవల చట్టం కింద ప్రతి జిల్లాలో న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్ళకి, పిల్లలకి ఆదాయం చూడకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. లోక్ అదాలత్‌కి కోర్టు ఫీజు లేదు, అక్కడి తీర్పు మీద అప్పీలు లేదు. అందుకని సంతకం పెట్టేముందు చదివించుకోవాలి. చదివించుకోవడంలో సిగ్గు లేదు. ఇంకొకటి, నేరం చేసినవాడు దొరక్కపోయినా బాధితుడు పరిహారానికి ఆ సంస్థకే అర్జీ పెట్టుకోవచ్చు. ఇది మనలో చాలామందికి తెలీదు.

సమాఖ్యకి మా మనవి ఒకటే. ప్రతి సొసైటీలో అయిదుగురిని ఎంచండి, ఇద్దరైనా ఆడవాళ్ళు ఉండాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థని అడిగి వాళ్ళకి శిక్షణ ఇప్పించండి. వచ్చే వార్షికోత్సవానికి ఎన్ని తగువులు తీర్చేరని కాదు, నష్టపోయిన వాళ్ళలో ఎంతమంది చేతికి వాళ్ళది వచ్చిందని లెక్క అడగండి.