లారీలో ఇల్లాలి చోటు
(సేత్తూరు తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణం అయిన వెంటనే ఈ రైల్వే గుమాస్తా లారీల సంగతి ఎత్తుకున్నాడేమిటని కొందరు అనుకోవచ్చును. తిరుమంగళం నుండి శ్రీవిల్లిపుత్తూరు, రాజపాళయం, తెన్‌కాశి, సెంగోట్ట మీదుగా కొల్లం పోయే 744వ నంబరు జాతీయ రహదారి మన గుమ్మం ముందే వుంది. రాజపాళయం నూలు గాని, చత్రపట్టిలో నేసే కట్టుగుడ్డ గాని, మన మామిడికాయలు గాని పై ఊళ్ళకు పోవాలంటే లారీ కావాలి. ఈ సభలో లారీ తోలే ఇళ్ళవారు అనేకులు వున్నారు. వారి కొరకే ఈ నాలుగు మాటలు.

సంసారం జోడెడ్ల బండి అని మన పెద్దలు అన్నారు. కాని లారీ డ్రైవరు సంసారంలో ఒక ఎద్దు దారిలోనూ, ఒక ఎద్దు ఇంటిలోనూ వుంటాయి. నెలకు నాలుగైదు రోజులు ఇంటి ముఖం చూస్తే గొప్ప. అందుచేత ఇప్పుడు కొందరు ఇల్లాండ్రు తామే బండి ఎక్కుతున్నారు. మా బంధువులలో ఒక జంట అట్లాగే తిరుగుతున్నారు. ఆమె చిన్న పొయ్యి మీద అన్నం వండుతుంది. బిల్లులు భద్రం చేస్తుంది. లోడు మీద పట్టా తాళ్ళు బిగిసినవో లేవో దిగి చూస్తుంది. తెల్లవారుజామున భర్త కన్ను మూతపడకుండా మాటలు చెబుతుంది. హోటలు ఖర్చు తగ్గింది, ఆయనకు కడుపునొప్పి తగ్గింది. వారి బిడ్డ మాత్రం అమ్మమ్మ దగ్గర వుండి, రోజూ సాయంత్రం ఫోనులో “ఇప్పుడు ఏ ఊరు?” అని అడుగుతుంది.

ఇంత పని చేసే ఆ ఇల్లాలు కాగితం మీద ఎవరు? డ్రైవరు కాదు, క్లీనరు కాదు. ఎవరూ కాదు. నేను చెప్పదలచిన విషయం ఇదే.

సరుకు బండిలో ఊరికే ప్రయాణం చేసేవారికి, బండి యజమాని చట్టప్రకారం తప్పనిసరిగా తీసుకొనే బీమా వర్తించదని 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సరుకు యజమాని గాని, అతని ప్రతినిధి గాని అయితే 1994 సవరణ ప్రకారం రక్షణ వుంది. జీతం మీద వున్న డ్రైవరుకు పరిహారపు చట్టం క్రింద రక్షణ వుంది. భర్త పక్కన కూర్చున్న ఇల్లాలికి, జరగరానిది జరిగితే, ఆ తప్పనిసరి బీమాలో చోటు లేదు. పదేళ్ళు తిరిగినా ఆమె చట్టం దృష్టిలో ఊరికే కూర్చున్న మనిషే.

ఇక నిద్ర సంగతి. నేను పనిచేసే రైల్వేలో బండి నడిపేవారికి తోడుగా ఒక సహాయకుడు వుంటాడు. పై ఊరిలో దిగితే పడుకొనడానికి రన్నింగ్ రూము, మంచము, భోజనము వుంటాయి. లారీ డ్రైవరుకు ఆ మంచము ఎవరు వేస్తారు? నేషనల్ పర్మిట్టు లారీకి ఇద్దరు డ్రైవర్లు వుండాలని పూర్వం నియమం వుండేది. 2018 నవంబరులో దానిని తీసివేశారు. మోటారు రవాణా కార్మికుల 1961 చట్టం పని గంటలు మామూలుగా రోజుకు 8, వారానికి 48 అనేది. ఇక్కడి నుండి విజయవాడ సుమారు వెయ్యి కిలోమీటర్లు. లోడు బండి గంటకు 40 కిలోమీటర్లు పోతుందనుకుంటే 25 గంటల స్టీరింగు. ఒక్కడు రోజుకు 8 గంటల లెక్కన పోతే నాలుగవ రోజున చేరతాడు. ఆత్రపడితే నిద్ర మానుకోవాలి. ఇద్దరు వంతులవారీగా తోలితే ఎవరి నిద్రా చెడకుండా రెండు రోజులలో చేరవచ్చు. రెండవ డ్రైవరు జీతం, బత్తెం కూడా ఇంటిలోనే మిగులుతాయి.

అమెరికాలో ఇట్లా జంటగా లారీ తోలే దంపతులు వున్నారు. అక్కడ వరుసగా 10 గంటల విశ్రాంతి తరువాత 11 గంటలకు మించి ఒకరు తోలరాదు. ఒకరు వెనుక పక్క మీద నిద్రపోతే మరొకరు తోలుతారు.

ఆడవారికి ఇది సాధ్యమా అంటారా? మనకు దక్షిణాన కన్యాకుమారి జిల్లాకు చెందిన వసంతకుమారి గారు 1993లోనే తమిళనాడు ప్రభుత్వ బస్సు స్టీరింగు పట్టారు. తెలంగాణ నుండి వెళ్ళిన మన తెలుగింటి ఆడపడుచు సరిత గారు 2015లో ఢిల్లీ రవాణా సంస్థకు మొదటి మహిళా డ్రైవరు అయినారు. కనుమ దాటితే కేరళ. ఆ రాష్ట్రంలోని ఏట్టుమానూరుకు చెందిన జలజా రతీష్ గారు 2022లో భర్తతో కలిసి కాశ్మీరం దాకా లారీ తోలుకుంటూ వెళ్ళారు. ఆమె పక్క సీటులో ఊరికే కూర్చోలేదు, తానూ తోలారు.

కనుక బండి ఎక్కదలచిన సోదరీమణులకు నా మనవి. ముందు కారు లైసెన్సు తీసుకోండి. అది ఒక సంవత్సరం చేతిలో వుండి, ఇరవై ఏళ్ళు నిండితే, శిక్షణ పొంది పెద్ద బండి లైసెన్సుకు పోవచ్చు. ఎనిమిదవ తరగతి చదివి వుండాలన్న షరతు 2019లో పోయింది. చదువు లేదని వెనుకాడనక్కరలేదు. లైసెన్సు వచ్చిన తరువాత బీమా కార్యాలయంలో ఇద్దరు డ్రైవర్లు అని చెప్పి, ఇద్దరికీ ప్రీమియం కట్టండి. జీతం పుస్తకంలో ఆమె పేరు, మొత్తం వ్రాయండి. భార్యకు జీతమేమిటని నవ్వే భర్తలకు ఒక మాట: ఆ ఒక్క పంక్తి రేపు మీ పిల్లలకు ఆధారం కావచ్చు.

అందరూ ఎక్కాలని నేను అనడం లేదు. పాలు తాగే బిడ్డ వున్న ఇంటిలో తల్లి ఇంటనే వుండాలి. దారిలో ఆడవారికి శుభ్రమైన మరుగుదొడ్డి దొరకడం నేటికీ కష్టమే. 2025లో కొత్త లారీలలో డ్రైవరు గదికి చల్లని యంత్రం తప్పనిసరి అయింది. స్నానానికి, నిద్రకు తావు కూడా అంతే అవసరమని మనం అడగాలి. ఇంట మిగిలిన బిడ్డ చదువు చూసే పెద్దలకు కూడా ఆ సంపాదనలో భాగం వున్నదని మరువరాదు.

సప్తపదిలో ఏడడుగులు కలిసి నడిచినవారు వెయ్యి కిలోమీటర్లు కలిసి నడవడం మంచిదే. అయితే ఆ నడకకు లెక్క వుండాలి, రక్షణ వుండాలి. వచ్చే ఉగాది నాటికి మన ఇళ్ళ నుండి ఒక్క సోదరి అయినా ఆ లైసెన్సు తెచ్చుకుంటే, నా మాటలు వృథా కాలేదని సంతోషిస్తాను.