ఇనుము, గాజు, కాంక్రీటు: మన ఇంటి సామాను

ఇంటి సామాను అంటే ఒకప్పుడు మనకు కర్రే. టేకు మంచం, ఉయ్యాల బల్ల, పేము కుర్చీ. కాలు ఊగితే వీధిలోని వడ్రంగి చీల కొట్టి సరిచేసేవాడు. ఇప్పుడు కొట్లో అడుగుపెడితే ఉక్కు గొట్టాల కుర్చీలు, అద్దం పలక బల్లలు, కాంక్రీటు బెంచీలు వరసగా కనిపిస్తాయి. కొనడం, మానడం ఎవరి ఇష్టం వారిది, ఎవరి స్తోమత వారిది. కాని కర్రను వేలితో తట్టి మంచిచెడ్డలు చెప్పగల మనం, వీటి దగ్గరకు వచ్చేసరికి తళుకు చూసి డబ్బు చెల్లిస్తున్నాం. ఏ పదార్థం గుణం దానిది. ఆ గుణం తెలిస్తే డబ్బూ దక్కుతుంది, ఇంట్లో పిల్లలకూ రక్షణ. ఈ పూట ఆ సంగతి చెప్పుకుందాం.

ముందుగా ఉక్కు. జర్మనీలో బౌహౌస్ అనే కళాశాల ఉండేది. అక్కడ పనిచేసిన మార్సెల్ బ్రాయర్‌కు 1925లో సైకిలు హ్యాండిల్‌ను చూసి ఒక ఆలోచన వచ్చింది. అలా వంచిన గొట్టంతో కుర్చీ ఎందుకు చేయకూడదు? గొట్టాల కుర్చీ అలా పుట్టింది. 1927లో స్టుట్‌గార్ట్ ప్రదర్శనలో మీస్ వాన్ డెర్ రోహె అనే వాస్తుశిల్పి వెనుక కాళ్లు లేని కుర్చీ చూపించాడు. కూర్చుంటే అది కొంచెం ఊగుతుంది, విరగదు. ఒత్తిడికి వంగి మళ్లీ నిలబడడం ఉక్కు గుణం. 1928లో బ్రాయర్ చేసిన మరో కుర్చీకి చట్రం ఉక్కు, కూర్చునే చోట పేము అల్లిక. కొత్తదీ పాతదీ ఒకే కుర్చీలో చక్కగా ఒదిగాయి.

ఉక్కుకు శత్రువు తుప్పు. చెన్నై, గోపాల్‌పూర్, యానాం వంటి చోట్ల ఉప్పుగాలి దాన్ని త్వరగా తినేస్తుంది. కొనేటప్పుడు కుర్చీని తిరగేసి చూడండి. వెల్డింగు అతుకుల మీద రంగు సరిగా పట్టిందా? గొట్టాల చివరలకు మూతలు ఉన్నాయా? మూత లేకపోతే తడి లోపల చేరి, పైకి కనబడకుండానే గొట్టం పుచ్చిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది పైన పల్చని పొరగా ఏర్పడి తుప్పును ఆపుతుంది. అయినా ఉప్పుగాలి తగిలే చోట దాన్ని కూడా అప్పుడప్పుడు మంచినీళ్లతో తుడవాలి.

ఇక గాజు. ఇక్కడ అజాగ్రత్త ప్రాణం మీదికి తెస్తుంది. మామూలు అద్దం పగిలితే కత్తుల్లాంటి పెంకులవుతుంది. బల్ల పలకకు కావలసింది టఫెన్డ్ గ్లాసు. అద్దాన్ని 600 డిగ్రీలు దాటేలా వేడిచేసి, గాలి కొట్టి ఒక్కసారిగా చల్లారుస్తారు. దానితో అది మామూలు అద్దం కంటే నాలుగైదు రెట్లు గట్టిపడుతుంది. పగిలినా చిన్న చిన్న మొద్దు ముక్కలుగా రాలుతుంది. సాధారణంగా ఒక మూల చెరగని ముద్ర ఉంటుంది, అడిగి చూడండి. దాని బలహీనత అంచుల్లో ఉంది. నడిమి దెబ్బను ఓర్చుకున్నది, మూల మీద చిన్న దెబ్బకు పగలవచ్చు. ఒకసారి గట్టిపరచాక దాన్ని కోయడం కుదరదు. కనుక కొలతలు ముందే సరిచూసుకోవాలి. పాకే పిల్లలున్న ఇంట్లో మూలలు గుండ్రంగా ఉన్న పలకే మేలు.

మూడవది కాంక్రీటు. 1954లో స్విట్జర్లాండులో విల్లీ గూల్ అనే డిజైనర్ ఒకే ఒక సిమెంటు రేకును వంచి తోటలో వేసుకునే కుర్చీ చేశాడు. ఆ రేకులో ఆస్‌బెస్టాస్ ఉండేది. దాని ధూళి ఊపిరితిత్తులకు చేటని తేలాక, అది లేకుండా ఆ కుర్చీని మళ్లీ రూపొందించారు. కాంక్రీటు బరువును మోస్తుంది కాని వంపును ఓర్వదు. అందుకే లోపల ఇనుప ఊచలో, పీచో ఉండాలి. పోతపోశాక రోజుల తరబడి నీళ్లతో తడపాలి. తొందరపడి ఆరబెట్టిన పలక బీటలు వారుతుంది.

బరువు మాటా చూడాలి. ఘనపు మీటరు కాంక్రీటు సుమారు 2,400 కిలోలు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండంగుళాల మందం ఉన్న పలక దాదాపు 90 కిలోలు తూగుతుంది. దాన్ని పాత మేడ వసారాలో వేసేముందు ఇంజనీరును ఒక మాట అడగాలి. కాళ్లు సరిగా లేకపోతే పట్టుకు లేచే పసివాడి మీద ఒరగవచ్చు.

పైన పటారం, లోన లొటారం అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఉక్కుకు అతుకు చూడండి, గాజుకు అంచు చూడండి, కాంక్రీటుకు బరువు చూడండి. ఈ మూడూ చూశాకే అందం సంగతి, ఆ తరువాతే ధర సంగతి.