మన సరుకు, మన మాట: వెబ్‌సైటు రాతకు కృత్రిమ మేధ సాయం

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాకిచ్చిన అంశం పేరు పెద్దది. కృత్రిమ మేధతో వెబ్‌సైటు రాతలు రాయడం, అవి గూగుల్‌లో వెతికితే కనబడేలా చేయడం. నేను పదో తరగతి వరకే చదివాను కాబట్టి పెద్ద మాటలు లేకుండా, మన పచ్చళ్ళ యూనిట్‌లో ఈ ఏడాది చేసిన పని మీదుగానే చెబుతాను.

ముందు వెతకడం అంటే ఏమిటో చూద్దాం. హైదరాబాదులో ఒకావిడకు ఆవకాయ కావాలి. ఫోను తీసి "వెల్లుల్లి లేని ఆవకాయ" అని టైపు చేస్తుంది, లేదా నోటితో అడుగుతుంది. గూగుల్ అంతకు ముందే కోట్లాది పేజీలు చదివి జాబితా రాసి పెట్టుకుని ఉంటుంది. అందులోంచి ఆవిడ ప్రశ్నకు జవాబున్న పేజీలు పైకి తెస్తుంది. మన పేజీలో ఫోటో ఒకటి, ధర ఒకటి మాత్రమే ఉంటే, వెల్లుల్లి ఉందో లేదో దానికెలా తెలుస్తుంది? సంతలో బోర్డు లేని కొట్టు లాంటిదే అది. సరుకు ఎంత మంచిదైనా జనం పక్కనుంచే వెళ్ళిపోతారు.

ఆ బోర్డు రాసే దగ్గరే మనం ఆగిపోతున్నాం. చేసే చేతికి రాయడం రాదు, రాసే వాళ్ళకు పచ్చడి పెట్టడం తెలియదు. ఇక్కడ చాట్‌జీపీటీ, జెమినై లాంటివి పనికొస్తాయి. చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చింది. ఇవి కొంత మేరకు ఉచితం, తెలుగులో మాట్లాడితే వింటాయి, రాస్తాయి. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. అది లెక్కలేనన్ని రాతలు చదివి, ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో నేర్చుకున్న యంత్రం. మన జాడీ మూత తీసి వాసన చూసింది కాదు.

అది ఎంత నిజమో మొదటి రోజే తెలిసింది. "ఆవకాయ గురించి వెబ్‌సైటుకు రాయి" అని ఊరికే అడిగి చూశాం. అమ్మమ్మల కాలం నాటి రుచి, ప్రేమతో చేసినది, నాణ్యతకు మారుపేరు అని అర పేజీ రాసింది. చదవడానికి బాగానే ఉంది. కానీ ఆ మాటలు ఎవరి పచ్చడికైనా అతుకుతాయి. పైగా ముక్కలు ఎండబెడతామని, వెనిగర్ కలుపుతామని కూడా రాసింది. ఆవకాయ ముక్క మనం ఎండబెట్టం, ఎండబెట్టేది మాగాయకు. వెనిగర్ మన వంటింట్లోనే లేదు.

అందుకని పద్ధతి మార్చాం. పచ్చడి పెట్టే అక్కలు నలుగురు కూర్చుని చెబుతుంటే ఫోనులో మైకు నొక్కి అదంతా దానికి వినిపించాం. ఏ కాయ వాడతాం, టెంకతో సహా ముక్క కొట్టి జీడి తీసి పొడిగుడ్డతో ఎందుకు తుడుస్తాం, ఆవపిండి, కారం, ఉప్పు ఏ పాళ్ళలో, నూనె ఏది, మూడో నాడు తిరగకలిపి ఉప్పు ఎలా సరిచూస్తాం. తర్వాత, ఫోను చేసిన కొనుగోలుదారులు అడిగిన ప్రశ్నలన్నీ చెప్పాం. వెల్లుల్లి ఉందా? పప్పునూనేనా? ఎన్నాళ్ళు నిల్వ ఉంటుంది? పార్సిల్లో నూనె కారదా? అరకిలో ఇస్తారా? "ఇవే శీర్షికలుగా పెట్టి, నేను చెప్పినవి మాత్రమే వాడి, తెలుగులో, ఇంగ్లీషులో రాయి. తెలియనిది ఉంటే నన్ను అడుగు" అన్నాం. ఈసారి వచ్చిన పేజీ మన పేజీలా ఉంది.

ఇంతకీ వెతికితే కనబడే రాత అంటే మంత్రమేమీ కాదు. కొనేవాళ్ళు అడిగే మాటల్లోనే జవాబు చెప్పడం. మనం "కందిపొడి" అంటాం, కొందరు ఇంగ్లీషు అక్షరాల్లో అదే మాట కొడతారు, ఇంకొందరు "అన్నంలోకి పొడి" అని వెతుకుతారు. ఈ మూడూ పేజీలో సహజంగా రావాలి. అలాగని ఒకే మాట ఇరవై సార్లు కుక్కితే గూగుల్ దాన్ని మోసం కిందే లెక్కేస్తుంది. ఫోటో కింద అదేమిటో ఒక వాక్యం రాయాలి. యంత్రానికి బొమ్మ కంటే రాత తేలిగ్గా అర్థమవుతుంది, చూపు లేనివాళ్ళకు ఫోను చదివి వినిపిస్తుంది.

ఇప్పుడు అసలు జాగ్రత్త. రాగి లడ్డుకు రాయమంటే అది "మధుమేహాన్ని నయం చేస్తుంది" అని రాసింది. తిండి పదార్థం జబ్బు నయం చేస్తుందని ప్రచారం చేయడానికి ఆహార భద్రత నిబంధనలు ఒప్పుకోవు. ప్రకటనల మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లోనే నిబంధనలు తెచ్చింది. కేసు సంగతి అటుంచండి, ఆ మాట నమ్మి ఎవరైనా షుగరు మాత్ర మానేస్తే? అక్కడ పోయేది ఒక ప్రాణం. ఆ పేజీ కింద ఉండేది యంత్రం పేరు కాదు, మన సంఘం పేరు.

అలాగే మన దగ్గర సర్టిఫికెట్ లేకపోయినా "సేంద్రియ" అని రాసింది. కొనని వాళ్ళ పేరున మెచ్చుకోళ్ళు కూడా రాసిచ్చింది. పూతరేకులకైతే "ఆత్రేయపురం పూతరేకులు" అని పేరు పెట్టింది. ఆ పేరుకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అది అక్కడి వాళ్ళ కష్టం. మనం మన ఊళ్ళో చేసి వాళ్ళ పేరు పెట్టుకోవడం ధర్మం కాదు, చట్టమూ ఒప్పుకోదు. ఇవన్నీ పేజీ ఎక్కక ముందే కొట్టేశాం. చదివి సరిచూసే మనిషి లేకపోతే ఇవన్నీ బయటికి వెళ్ళిపోయేవి.

ఒక ఏజెన్సీ వాళ్ళు వచ్చి, నెలకు వంద వ్యాసాలు యంత్రంతో రాయించి గూగుల్‌లో మొదటి స్థానం తెప్పిస్తామన్నారు. మన కార్యవర్గం వద్దంది. మొదటి స్థానం ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే చెబుతుంది. యంత్రంతో రాయించడం తప్పు కాదు, చదివేవాళ్ళకు పనికొచ్చేలా ఉండాలి అని అది 2023 ఫిబ్రవరిలో చెప్పింది. 2024 మార్చిలో మాత్రం, పైకి రావడం కోసమే కుప్పలుగా రాసి పోసే పేజీలను చెత్త కింద లెక్కేస్తామని నియమం పెట్టింది. వంద పేజీల ఊక కంటే పది పేజీల గింజ మేలు.

మన సంఘాలను నిలబెట్టింది పంచసూత్రాలు. ఈ పనికీ అయిదు పెట్టుకుందామని నా మనవి.

1. ముందు మన మాట. చేసే అక్క చెప్పనిదే యంత్రాన్ని అడగవద్దు.
2. కొనేవాళ్ళ ప్రశ్న. ఫోనులో వచ్చిన ప్రతి ప్రశ్నా ఒక నోటుపుస్తకంలో రాయాలి. అదే మన శీర్షికల గని.
3. ఇద్దరు సరిచూడాలి. ఒకరు తయారుచేసేవాళ్ళు, ఒకరు చదువుకున్నవాళ్ళు. చదవడం రాని అక్కకు పైకి చదివి వినిపించాలి. ఆమె "అవును, ఇలాగే చేస్తాం" అంటేనే పేజీ ఎక్కాలి.
4. గుట్టు కాపాడాలి. సభ్యుల ఆధార్, బ్యాంకు ఖాతా, అప్పు వివరాలు, ఫోను నంబర్లు ఆ యంత్రానికి ఇవ్వకూడదు. తీర్మానాల పుస్తకం ఫోటో తీసి పెట్టకూడదు.
5. రికార్డు. ఏ పేజీ ఎప్పుడు మార్చాం, ధర ఎంత, సరుకు ఉందా లేదా నెలసరి సమావేశంలో చూసుకోవాలి. సీజను అయిపోయిన పచ్చడి పేజీలో ఉంటే నమ్మకం పోతుంది.

చివరిగా ఒక తీర్మానం కోరుతున్నాను. ఈ రాత పని ఇప్పుడు మన ఆడపిల్లలు కాలేజీ నుంచి వచ్చాక రాత్రిపూట చేస్తున్నారు. "ఫోనులోదే కదా, యంత్రమే రాస్తుంది కదా" అని వాళ్ళకు ఒక్క రూపాయి ఇవ్వడం లేదు. ముక్కలు కొట్టిన అక్కకు కూలి కట్టినట్టే, రాసి సరిచూసిన పిల్లకూ కట్టాలి. అడిగి, విని, కొట్టేసి, మళ్ళీ రాయించడం కూడా పనే. ఇంట్లో ఆడవాళ్ళ పనికి లెక్క లేదని బాధపడి సంఘం పెట్టుకున్నవాళ్ళం, మన సంఘంలోనే లెక్క లేని పని ఉండకూడదు. అందుకని యూనిట్ ఖర్చుల్లో పేజీకి ఇంత అని గౌరవ వేతనం చేర్చాలని, అది ఎంతో ఈ సభే నిర్ణయించాలని ప్రతిపాదిస్తున్నాను. బలపరిచేవాళ్ళు చేతులెత్తండి.