కొండనాట కాపురము - స్థలము నెన్నుకొనుట

(ఏజెన్సీ గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతియందు చేసిన ప్రసంగ పాఠము)



అరకు లోయను చూచుటకు ఏటేట వేలకొలది జనులు వచ్చుచున్నారు. వలిసె చేలు పసుపుబారిన దినములలో వారు రైలు దిగి, పొలము గట్టుపై నిలిచి, "ఇచ్చట ఒక ఇల్లు కట్టుకొని ఉండిపోయినచో ఎంత బాగుండును!" అని అనుకొందురు. ఆ కోరికలో తప్పు లేదు. కాని వారు చూచునది మార్గశిరము. ఇల్లు కట్టుకొన్నవాడు శ్రావణమును, వైశాఖమును కూడ చూడవలెను. ఆ రెండు మాసములను దృష్టియందుంచుకొని, కొండసీమలో ఇంటికి చోటు నెట్లు నిర్ణయింపవలెనో నేడు మనవి చేయుదును.

తరతరములుగా కొండలలో నివసించు మాకు ఈ మాటలు చెప్పనేల యని మీరడుగవచ్చును. మీ పెద్దలు ఊరు వేసిన చోటు ఊరక వేసినది కాదు. వారు నీటిని, గాలిని, వాలును చూచియే వేసిరి. అయితే నేడు రెండు సంగతులు మారినవి. పూర్వము మట్టిగోడ, గడ్డికప్పు ఉండెడివి. చోటు అచ్చిరానిచో ప్రక్కకు జరిగి మరియొక ఇల్లు వేసికొనెడివారు. ఇప్పుడు ప్రభుత్వ సహాయముతో సిమెంటు ఇండ్లు లేచుచున్నవి. ఆదిమ గిరిజన తెగల కొరకు 2023 నవంబరులో ప్రారంభమైన జన్‌మన్ పథకమునందును పక్కా గృహములకు పెద్ద స్థానమున్నది. ఇట్టి ఇల్లు వేసిన చోటనే రెండు తరములు నిలిచియుండును. ఇక రెండవ మార్పు: చదును స్థలము కొరకు జె.సి.బి. యంత్రముతో వాలును కోయుట. పారతో నెల దినములు పట్టు కోత నేడు ఒక్క పూటలో ముగియుచున్నది.

ఆ కోతను గూర్చియే నా ముఖ్యమైన హెచ్చరిక. వాలు భూమియందు మన్ను తనకు తగిన ఒక ఒరుగుతో నిలిచియుండును. దాని పాదమును నిలువుగోడవలె కోసినచో పైనున్న మన్నుకు ఆధారము పోవును. ఎండకాలమున ఏమియు కాదు. అందుచేతనే జనులకు ధైర్యము కలుగును. విడువక వాన కురిసినపుడు నీరింకి మన్ను బరువెక్కి, పట్టు సడలి, ఇంటి వెనుక గోడపైకి దిగును. మన తూర్పు కనుమలలో విస్తారముగా నున్న ఖొండలైటు రాతికి ఖోందు జాతి పేరుమీదుగనే ఆ పేరు వచ్చినది. ఆ రాయి ఎండకు వానకు చివికి లోతుగా ఎర్రమన్నగును. కొత్తవలస - కిరండూలు రైలు మార్గముపై వానకాలమున చరియలు జారి బండ్లు నిలిచిపోవుట మీరెరిగినదే.

2014 జులై 30వ తేదీ ఉదయమున మహారాష్ట్రములోని పూనా జిల్లా మాలిన్ గ్రామముపై కొండచరియ విరిగిపడి 150 మందికి పైగా మరణించిరి. సరిగా పదేండ్లకు, 2024 జులై 30వ తేదీన తెల్లవారక ముందే, కేరళలోని వయనాడు జిల్లాలో ముండక్కై, చూరల్‌మల ప్రాంతములు బురదలో కొట్టుకొనిపోయినవి. అచ్చట మృతులు 250 మందికి పైబడిరి. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రము వారు ఉపగ్రహ చిత్రములను పరిశీలించి, చరియ విరిగిన చోటు సముద్రమట్టమునకు సుమారు 1,550 మీటర్ల ఎత్తున ఉన్నదనియు, బురదయు బండలును ఏటి వెంబడి సుమారు 8 కిలోమీటర్లు పారినవనియు తెలిపిరి. ఈ 8 కిలోమీటర్ల మాటను గుర్తుంచుకొనగోరెదను. కొండ విరిగిన చోటికి ఎంతో దూరముగా, ఏటి ఒడ్డున ఉన్నవారును ప్రాణములు కోల్పోయిరి. కనుక గెడ్డ ప్రక్కన చదునుగా కనుపించు మెరక, ఎంత ముచ్చటగా నున్నను, ఇంటికి తగినది కాదు. ఆ చదును ఎట్లేర్పడినదో ఆలోచింపుడు. గుండ్రని రాళ్లు, ఇసుక, మన్ను కలగలిసి అచ్చట పడియున్నచో, వాటిని పూర్వమెప్పుడో గెడ్డయే తెచ్చి వేసినది. మరల తేగలదు.

నేల కదలుచున్నదా లేదా అని తెలిసికొనుటకు కొన్ని గురుతులున్నవి. చెట్ల మొదళ్లు వాలువైపు వంగి, పిదప పైకి లేచియున్నచో అచ్చటి మన్ను మెల్లమెల్లగా దిగుచున్నదని అనుమానింపవలెను. వాలుపై అడ్డముగా నెర్రెలు పడుట, కంబములు ఒరుగుట, తేటగా నుండు ఊట అకస్మాత్తుగా బురదగా వచ్చుట, ఇంటి తలుపులు బిగిసికొనిపోవుట - ఇవియన్నియు లెక్కింపదగినవే. వానలో ఇట్టివి కనుపించినచో ఆ రాత్రి ఆ ఇంట నిద్రింపరాదు. కొద్దిపాటి కోత తప్పనిచోట, వెనుక రాతి అడ్డుగోడ కట్టి, అందు నీరు కారిపోవుటకు రంధ్రములు విడిచి, కొండనీరు ఇంటి చుట్టును తిరిగి పోవునట్లు పైన కాలువ త్రవ్వవలెను. రంధ్రములు లేని గోడ వెనుక నీరు నిలిచి గోడనే త్రోసివేయును.

ఇక నీరు. కొండమీది అందమైన శిఖరమున ఇల్లు వేసికొన్నవారికి ఊట క్రిందనుండును. అట్టి ఇంటి స్త్రీలు జీవితమంతయు బిందెలతో ఎక్కుచునే యుందురు. ఊటకు దిగువనే కాపురముండినచో గొట్టము ద్వారా నీరు తనంతట తానే వచ్చును. అయితే ఆ ఊట ఎందరికి చాలునో వైశాఖములో కొలువవలెను గాని భాద్రపదములో కాదు. కొలత కష్టమైనది కాదు. 15 లీటర్ల బిందె నిండుటకు 5 నిమిషములు పట్టినచో, దినమునకు 4,320 లీటర్లు వచ్చును. జలజీవన్ పథకము తలకు 55 లీటర్లను ప్రమాణముగా పెట్టినది. ఆ లెక్కను అది 78 మందికి, అనగా సుమారు 15 కుటుంబములకు సరిపోవును, అదియు రాత్రి నీరు వృథా పోకుండ తొట్టి కట్టినపుడే. ఇరువది ఇండ్లకు అచ్చట మంజూరు చేసినచో వేసవిలో తగవులు తప్పవు. మరుగుదొడ్లు, పశువుల సాలలు ఊటకు ఎగువన ఉండరాదని వేరుగ చెప్పనక్కరలేదు.

లంబసింగి మంచును చూచుటకు పట్టణవాసులు చీకటితోనే లేచి వచ్చుచున్నారు. ఒక ఉదయమునకు అది వేడుకయే. చల్లని గాలి బరువైనది కనుక రాత్రివేళ వాలులనుండి జారి లోయ అడుగున నిలుచును. అడుగుకంటె కొంచెము ఎత్తున, ఉదయపుటెండ తగులు తూర్పు వాలున ఇల్లున్నచో ముసలివారికి, పసిబిడ్డలకు చలి బాధ తగ్గును. చిత్తడి నేలకు దూరముగ నుండుటవలన దోమల బెడదయు తగ్గును.

త్రోవను మరువకుడు. నిండు గర్భిణిని డోలీలో మోసికొనివచ్చు దుస్థితి మన కొండలలో నేటికిని పూర్తిగ పోలేదు. గెడ్డకు ఆవలి ఒడ్డున వంతెన లేనిచోట క్రొత్త ఇండ్లకు అనుమతించుట యనగా, వానకాలమున ఆ కుటుంబములను వైద్యునికి దూరము చేయుటయే.

మొదట చెప్పిన పట్టణవాసుల కోరికకు వత్తును. "ఈ అంచున ఒక విడిదిల్లు కట్టుకొందును, భూమి వలదు, కౌలుకిచ్చిన చాలును" అని మీ యొద్దకు వచ్చువారుందురు. షెడ్యూల్డు ప్రాంతములలో 1959 నాటి 1వ నంబరు రెగ్యులేషను, దానిని సవరించిన 1970 నాటి 1వ నంబరు రెగ్యులేషను ప్రకారము గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు. బదిలీ యన్న మాటలో అమ్మకమే గాక తాకట్టు, కౌలు, దానము కూడ చేరియున్నవి. అనంతగిరి మండలము బొర్రా ప్రాంతపు గనుల కౌళ్లనుండి పుట్టిన సమత కేసులో 1997లో సుప్రీము కోర్టు ఈ నిబంధనను ప్రభుత్వమునకును వర్తింపజేసినది. కావున మర్యాదగ, అయితే స్పష్టముగ, కాదని చెప్పుడు. రెండు దినములు బసచేసి పోవు యాత్రికులకు ఆతిథ్యమిచ్చి ఆదాయము పొందుట వేరు సంగతి; ఆ బస మీ ఇండ్లలో, మీ పేరున ఉండవచ్చును.

క్రొత్త గృహముల జాబితా గ్రామసభకు వచ్చినపుడు పేర్లతోబాటు స్థలములను కూడ చదివించుడు. అంతకు ముందే ఇంజనీరుగారిని, ఊరిలో వయసు మళ్లిన ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకొని ప్రతి స్థలమునకు నడచిపోవుడు. పెద్దవానలో గెడ్డ ఎంతవరకు ఎక్కినదో ఆ వృద్ధులను చూపుమనుడు. వారు చూపిన గీతకు పైననే ముగ్గు వేయింపుడు. మధ్యాహ్నము భోజనానంతరము మీ మీ గ్రామముల పటములు తీసికొనివచ్చినచో ఒక్కొక్కటిగ కూర్చుండి చూతము.