మట్టికట్టకు దిక్కెవరు?

(కూర్మన్నపాలెమున పఠనమందిర సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉక్కునగరపు వాకిట నిలిచి మట్టినిగూర్చి మాటలాడుట కొందరికి వింతగా తోపవచ్చును. మీ యూరి ప్రక్కనే 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైన కర్మాగారము గలదు. దాని దాహము తీర్చుటకు ఏలేరు నుండి 150 కిలోమీటర్లకు మించిన కాలువ వచ్చుచున్నది; ఆ నీటిని నిలుపుటకు కణితి జలాశయము గలదు. ఇంత యంత్రబలము చెంతనున్నను, తుపాను రాత్రి కొండలపైనుండి దిగు నీటి నొక్క జామైన ఆపి, మెల్లమెల్లగా దిగువకు విడుచు పని నేటికిని మట్టికట్టదే. ఈ సాయంకాలము నేను చెప్పదలచినది ఆ కట్ట సంగతియే.

మన ఉత్తరాంధ్రపు గెడ్డల స్వభావము మీ రెరుగనిది గాదు. తూర్పుకనుమల నుండి సముద్రమునకు దూర మల్పము, వాలు హెచ్చు. ఏటిలో అధికభాగము ఎండియుండి, ఒక్కరాత్రి వానకు పొంగి, మరునాటికి మరల ఇసుక చూపును. భద్రాచలమువద్ద గోదావరి పెరిగినచో ధవళేశ్వరమువారు సామాను సర్దుకొనుటకు వ్యవధి యుండును. గెడ్డ అట్టి మర్యాద పాటింపదు. కావున వరదను అడ్డుకొనవలసిన చోటు ఊరి నడుమ గాదు, ఊరికి ఎగువను. చిన్న మట్టికట్ట వెనుక ఖాళీచోటున్నయెడల వరద శిఖరము అందు దిగిపోవును. ఆరు గడియలలో రావలసిన నీరు రెండు దినములలో వచ్చును. నీటి మొత్తము తగ్గదు. దాని ఉద్ధతి తగ్గును. కొంపలు కూల్చునది ఆ ఉద్ధతియే.

ఇక్కడనే చిక్కు గలదు. నిండిన చెరువు వరద నాపజాలదు. పైనుండి వచ్చినది వచ్చినట్లే అలుగుమీదుగా పోవును. రైతునకు ఆశ్వయుజమునాటికి చెరువు నిండవలయును. మన తుపానులు వచ్చునదియు సరిగా ఆ కాలమందే. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చెను. ఒకే చెరువును నిండుగా నుంచుమని ఒకరును, ఖాళీగా నుంచుమని ఒకరును కోరుచున్నారు. ఇద్దరి కోరికయు న్యాయమైనదే. మేఘాద్రిగెడ్డ జలాశయము చూడుడు. పట్టణమునకు త్రాగునీటికై దానిని 61 అడుగుల మట్టమునకు నింపుకొనుటయే అధికారులకు తృప్తి. దిగువనున్నవి విమానాశ్రయమును, పల్లపు పేటలును, రేవును. 2021 సెప్టెంబరు చివర గులాబ్ తుపాను వేళ విమానాశ్రయము చుట్టును నీరు నిలిచిన సంగతి మీలో పలువురు కన్నులార చూచినదే.

ఈ చిక్కును ఇతర దేశములవారు ఎట్లు విప్పిరో వినుడు. 1913 మార్చిలో అమెరికాయందలి ఒహాయో రాష్ట్రమున డేటన్ పట్టణము వరదపాలయ్యెను. పట్టణవాసులు ముందుగా తమలో తామే చందాలు పోగుచేసికొని పని ఆరంభించిరి. 1922 నాటికి ఎగువను అయిదు మట్టికట్టలు లేచినవి. ఆ కట్టలకు తలుపులు లేవు. అడుగున తూములు సదా తెరచియే యుండును. వాన లేనినాడు నది తనదారిని తాను పోవుచుండును, కట్ట వెనుక భూమిలో పంటలు పండించుకొందురు. వరదనాడు తూము మ్రింగగలిగినంత మాత్రమే దిగువకు పోయి, తక్కినది వెనుక నిలుచును. తాళపుచెవి యెవనివద్ద నున్నదని అర్ధరాత్రమున వెదకుకొను పని లేదు! పిదప 1948లో ఓక్లహోమాలోని కార్డెల్ సమీపమున ఒక చిన్నవాగుపై ఇట్టి పల్లెకట్ట నొకదానిని కట్టిరి. 1954లో ఒక శాసనము వచ్చిన తరువాత అట్టివి ఆ దేశమున 11,000కు మించినవి. వానిలో అనేకమునకు పూడిక లెక్కజూచి 50 ఏండ్లు ఆయుర్దాయమని ముందే నిర్ణయించుకొనిరి. కట్టిననాడే దాని ముసలితనమునుగూర్చి ఆలోచించుట మనము నేర్వదగిన గుణము.

అట్లని మనవారికి ఈ విద్య తెలియదని చెప్పుట అన్యాయము. కడపసీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనము 1369 నాటిది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు వేయిమంది కూలీలతో, నూరు బండ్లతో, రెండేండ్లు కట్టించిన చెరువది. ఆ రాతిపై చెరువునకు కావలసిన పండ్రెండు అంగములును, తగని ఆరు దోషములును చెక్కబడియున్నవి. ఆ దోషములలో మొదటిది కట్టనుండి నీరు ఊరుట. నీరు హెచ్చై చోటు చాలకుండుటయు అందొకటి. నేటి యింజనీరు చెప్పు మాటయు నిదియే. మట్టికట్టకు మృత్యువు రెండుదారుల వచ్చును. ఎలుకబొరియ వెంటనో, చెట్టువేరు వెంటనో లోపల నీరు దారిచేసికొని మట్టిని మోసికొనిపోవుట ఒకటి. అలుగు చాలక నీరు కట్టమీదుగా పొర్లుట రెండవది. రాతికట్ట తనపై నీరు పొర్లినను కొంతసేపు ఓర్చుకొనవచ్చును. మట్టికట్టమీద నీరు పారనారంభించినచో కొద్దిగంటలలోనే గండి.

ఒకటి తెగినచో ఒక్కదానితో పోదు. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచిన మూసీ వరదకు కారణములు వెదకిన విశ్వేశ్వరయ్యగారు, ఆ పరీవాహమునందలి 788 చెరువులలో 221 తెగిపోయినవని లెక్కతేల్చిరి. ఎగువ చెరువు దిగువదానిపై బడి, అది మరియొకదానిపై బడి, నగరమునకు వచ్చుసరికి వానకంటె గండ్ల నీరే భయంకరమయ్యెను. 113 ఏండ్ల తరువాత, 2021 నవంబరు 19 తెల్లవారుజామున, చెయ్యేటిమీద అదే కథ. ఎగువన పింఛా కట్ట తెగినది. ఆ నీరు అన్నమయ్య జలాశయముపై బడినది. అచ్చటి అయిదు తలుపులలో ఒకటి అంతకుముందే పనిచేయుట మానియుండెను. మట్టికట్ట పొర్లి కొట్టుకొనిపోయినది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట నిద్రలోనుండగా మునిగినవి.

ఆ దుర్ఘటనకు మూడువారములలో పార్లమెంటు ఆనకట్టల భద్రతాచట్టము నామోదించెను. ఆ సంవత్సరాంతముననే అది అమలునకు వచ్చెను. మంచిదే. కాని దాని కొలత యేమి? 15 మీటర్లకు మించిన కట్టలును, కొన్ని షరతులకు లోబడి 10 నుండి 15 మీటర్ల కట్టలును మాత్రమే అందు చేరును. మన గ్రామములలోని చెరువుగట్టులలో అధికభాగము ఆ లెక్కకు అందవు. పెద్దకట్టకు చట్టము, సంఘము, తనిఖీ. చిన్నకట్టకు దైవమే దిక్కు. పూర్వము దీనికి దశబంధ మాన్యము లుండెడివి, నీరుగట్టి యుండెడివాడు. కుడిమరామత్తు క్షీణించునని భయపడి కుంపిణీవారు 1858లో దానిని శాసనముచే నిర్బంధించిరి. నిర్బంధముచే ధర్మము నిలువలేదనుట వేరు సంగతి. 1997లో మన రాష్ట్రము నీటిసంఘముల నేర్పరచెను. అది ఆయకట్టు రైతుల సంఘము.

అయ్యా, ఆయకట్టు రైతే లేనిచోట? గాజువాక పురపాలకము 2005లో మహానగరమున గలిసినది. పొలములు స్థలములైనవి, స్థలములు మేడలైనవి. మడులు పోయినపుడు చెరువు కట్టుబడి దిక్కులేనిదైనది. దానిని అడుగువాడు లేడు. రెవెన్యూ లెక్కలలో అది చెరువు. వర్తకుని కంటికి ఖాళీస్థలము. పురపాలకమునకు చెత్తవేయు గుంట. కాని వానదేవునికి ఈ మార్పు తెలియదు. అతడు పాతలెక్క ప్రకారమే పంపును. పైగా మేడల కప్పులు, సిమెంటు రోడ్లు ఒక్క చుక్కను ఇంకనీయవు గనుక, పూర్వముకంటె హెచ్చు నీరు, తక్కువ వ్యవధిలో, అదే అలుగునకు చేరును. ఆ అలుగు ముందర నెవరైన గోడ కట్టినచో కట్ట పొర్లుట తథ్యము.

కొత్త జలాశయమునకు శిలాఫలకములు వేయించుటకు పెద్దలు సిద్ధముగనే యుందురు. అలుగు బాగుచేయించినవాని పేరు ఏ ఫలకమునందును నేను చూడలేదు. ఊరికి ఎగువనున్న చెరువులలో సేద్యపుపని తీరినవానిని పూడ్పనీయక, డేటనువారివలె తెరచిన తూముతో వరదకొరకే ఉంచుడని నగరపాలకులను అడుగుట మన వంతు. దానికి లక్షలు చాలును. మునిగిన పేటలకు పరిహారము కోట్లు.

అది సాగులోపల, ఈ భాద్రపదములోనే నలుగురు కలిసి మీ చెరువుగట్టు ఒక్కసారి నడిచి చూడుడు. గట్టుపై పల్లమైనచోటు గలదేమో చూచి, అచ్చట మట్టి పోయించుడు. నీరు పొర్లుట అచ్చటనే మొదలగును. తుమ్మమొక్కలు లేతగా నుండగనే పెరికివేయుడు. మ్రానైన పిదప నరికినచో కుళ్లిన వేరు నీటికి దారియగును. దిగువ పాదమున ఊట కనిపించినచో దోసిట పట్టి చూడుడు: తేటగా నున్న వేచిచూడవచ్చును, బురదగా నున్న ఆ రాత్రియే దిగువవారిని లేపవలయును.