సైనికుని రక్తవస్త్రములు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



పల్నాటిసీమలోని కారెంపూడిలో వీరుల గుడి కలదు. ఏటేట కార్తికమాసమున పల్నాటి వీరుల ఆయుధములను అచ్చట పూజింతురు. అవి ఎవరివో చెప్పువారు లేనిచో ఆ ఇనుము వట్టి ఇనుమే. వీరగాథలు పాడువారు తరతరములుగా ఆ పేళ్లను నిలిపిరి గనుకనే జనులు వానికి చేతులు మోడ్చుచున్నారు. వస్తువునకు వాక్కు తోడైనప్పుడే అది చరిత్ర యగును. ఇందుకు తార్కాణమైన వృత్తాంత మొకటి అమెరికా దేశమున జరిగినది. గ్రంథాలయ సభలో అది వినదగినది.

1935వ సంవత్సరము మార్చి 6వ తేదీన వాషింగ్టను నగరమున ఆలివర్ వెండెల్ హోమ్స్ అను వృద్ధుడు దివంగతుడయ్యెను. మరి రెండు దినములు బ్రతికియున్నచో ఆయనకు 94 ఏండ్లు నిండెడివి. ఆయన 1902 మొదలు 1932 వరకు ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానమున న్యాయమూర్తిగా నుండెను. భార్య 1929లోనే గతించెను. సంతానము లేదు. మరణానంతరము ఆయన బట్టల బీరువా తెరువగా రెండు పాత సైనిక దుస్తులు కానవచ్చెను. వానికొక చీటి గుచ్చబడియుండెను. ఆ దుస్తులు అంతర్యుద్ధమున తాను ధరించినవనియు, వానిపై మరకలు తన రక్తమేననియు ఆయన ఆ చీటిలో వ్రాసి పెట్టెను. అందు ఆత్మస్తుతి లేదు, శత్రునింద లేదు.

ఆ యుద్ధము 1861 మొదలు 1865 వరకు ఆ దేశపు ఉత్తర దక్షిణ రాష్ట్రముల నడుమ సాగెను. నీగ్రోజాతి వారిని బానిసలుగా నుంచుకొను దురాచారమే దానికి మూలము. ఒకే దేశపు బిడ్డలు ఎదురెదురుగా నిలిచిన ఆ పోరు కురుక్షేత్రమును తలపించును. ఆరు లక్షలకు పైగా సైనికులు మడిసిరి. హార్వర్డు విద్యాలయమున అప్పుడే చదువు ముగించిన హోమ్స్ ఉత్తరపక్షమున మసాచుసెట్సు 20వ పటాలములో చేరెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువది యేండ్లు.

1861 అక్టోబరు 21న, పోటోమాక్ నదీతీరమున బాల్స్ బ్లఫ్ అను చోట, తూటా ఆయన రొమ్మున దూసికొనిపోయెను. ఆయనయొద్ద నల్లమందు ద్రావకముగల చిన్న సీసా యుండెను. బాధ భరింపరానిదైనచో దానిని త్రాగి ప్రాణము విడువవలెనని తలచెను. కాని త్రాగలేదు. ఆ రాత్రి తన మనస్సున మెదలిన తలపులను తరువాత దాపరికము లేక వ్రాసికొనెను.

గాయము మానగానే మరల దండుకు పోయెను. 1862 సెప్టెంబరు 17న యాంటీటమ్ పోరున తూటా మెడను దూసికొనిపోయెను. ఆ ఒక్కదినముననే ఉభయపక్షములయందు చచ్చినవారు, గాయపడినవారు, కానరానివారు కలిసి సుమారు 23,000 మంది. నడిరేయి తండ్రికి తంతివార్త అందెను. తండ్రి పేరును ఆలివర్ వెండెల్ హోమ్సే. ఆయన పేరుగాంచిన వైద్యుడు, కవి. కుమారుని వెదకుచు ఊరూరి చికిత్సాలయములు గాలించి, తుదకు హారిస్‌బర్గులో ఒక రైలుపెట్టెయందు కనుగొనెను. ఇరువురును ఒకరినొకరు క్షేమమడిగి ఊరకుండిరి. కంటనీరు పెట్టుటకంటె ఆ మౌనమే బరువైనది.

1863 మే 3న, వర్జీనియాలో ఫ్రెడరిక్స్‌బర్గు చేరువ, మూడవ గాయము మడమకు తగిలెను. 1864 జూలైలో ఆయన కొలువు ముగిసెను. అటుపై డెబ్బది యేండ్లకు పైగా జీవించెను. ఇల్లు మారెను, ఊరు మారెను, పదవులు మారెను. ఆ బట్టలు మాత్రము ఆయనను విడువలేదు.

వానిని దాచినవాడు యుద్ధమును కోరువాడని తలపరాదు. తనదే సత్యమని ఇరుపక్షములును పట్టుబట్టినప్పుడు నెత్తురెట్లు పారునో ఆయన స్వయముగా చూచెను. 1919లో ప్రభుత్వమునకు ఎదురుగా కరపత్రములు పంచిన కొందరు వలసదారులకు దీర్ఘకారాగారశిక్ష విధింపబడగా, తోటి న్యాయమూర్తులలో హెచ్చుమంది దానిని స్థిరపరచిరి. హోమ్స్ భిన్నాభిప్రాయము వ్రాసెను. మనకు గిట్టని తలపునుగూడ పలుకనీయవలెననియు, తలపులు తమలో తాము పోటీపడగా నిలిచినదే సత్యమనియు దాని సారాంశము. పరస్పరము ఖండించుకొను గ్రంథములు ఒకే బీరువాలో ప్రక్కప్రక్కన నిలుచు గ్రంథాలయమునకు ఇంతకంటె తగిన మాట వేరొండు లేదు.

అయినను ఆయనయందు దోషము లేదనుట సత్యము కాదు. 1927లో, మందబుద్ధియని ముద్రవేయబడిన ఒక యువతికి, ఆమె యిష్టముతో పనిలేక, సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయుట చెల్లునని తీర్పు వ్రాసినది ఆయనయే. ఆమె మందబుద్ధి కాదని తరువాతి పరిశోధకులు తేల్చిరి. యుద్ధమున తన రక్తము చిందించినవాడును ఇతరుల దేహముపై కఠినుడు కాగలడు. కర్ణుని దానమును చెప్పిన భారతము సభలో ద్రౌపదినుద్దేశించి అతడాడిన మాటలను దాచలేదు. చరిత్ర వ్రాయువారికి అదియే మార్గము.

హోమ్స్ తాను చదివిన గ్రంథముల పేళ్లను ఏండ్ల తరబడి ఒక పుస్తకమున వ్రాసికొనుచుండెను. ఆస్తిలో మిగిలిన భాగమును తన దేశమునకే విడిచిపోయెను. ఆ ద్రవ్యముతో సర్వోన్నత న్యాయస్థానపు చరిత్రను వ్రాయింపవలెనని 1955లో అమెరికా కాంగ్రెసు నిర్ణయించెను. చీటితో చరిత్రను నిలిపినవాని ధనము చరిత్రగ్రంథములకే చేరుట ఎంతయు ఉచితము.

మన యిండ్లలోని ట్రంకుపెట్టెలయందును తాతల ఖాకీకోటో, పతకమో, పింఛనుకాగితమో యుండవచ్చును. ముదుసలి యొకరున్నంతవరకు అది ఎవరిదో తెలియును. వారు పోయిన పిమ్మట బిడ్డలు దానిని పాతగుడ్డల మూటలో కలుపుదురు. అది దొంగతనము కాదు, ద్రోహము కాదు. వ్రాత లేకపోవుటచేత కలిగిన నష్టము మాత్రమే. కావున అది ఎవరిదో, ఏ యేటిదో, ఎచ్చటి గాయమో మూడు పంక్తులలో వ్రాసి దానికి గుచ్చియుంచుడు. ఆ వ్రాతకు ప్రతి యొకటి ఈ గ్రంథాలయమున కిండు. గుడ్డను చెదలు తినవచ్చును, మరక మాయవచ్చును. చీటిలోని మాట నిలుచును. రాబోవు స్వర్ణోత్సవమున దానిని చదువువారు మన మనుమలు.